నవ్వు ఎక్కడ ఆగిందో చూశారా?

పోయిన వారం ఇదే పేజీలో 'వాండావిజన్' సిరీస్ మొదటి మూడు ఎపిసోడ్లు కాస్త ఓపిక పట్టి చూడండి అని ఒక్క ముక్క రాశా, అంతే, ఇక మెయిళ్లే మెయిళ్లు. (తెలియనివాళ్లకి: మార్వెల్ సూపర్ హీరో సినిమాల్లోంచి వచ్చిన సిరీస్ ఇది, మంత్రశక్తులున్న వాండా, ఆవిడ మొగుడైన మరమనిషి విజన్, పాత టీవీ కామెడీలో కాపురం చేస్తుంటారు.) సగం తిట్లు. తిట్లు నా దగ్గరే ఉంచుకుని ప్రశ్నలు మాత్రం ఇక్కడ వేస్తున్నా. ఇంకా చూడనివాళ్లు ఉన్నారు కాబట్టి మూడో ఎపిసోడ్ దాటి ఒక్క మాట కూడా చెప్పను, బతిమాలినా లాభం లేదు.

ప్రశ్న: అన్నా, మార్వెల్ సినిమాలన్నీ నేను థియేటర్లనే జూసిన. గిది పెట్టంగనే బొమ్మ నలుపు తెలుపుల వచ్చింది, టీవీ ఖరాబైందేమో అని రెండు సార్లు ఆఫ్ జేసి ఆన్ జేసిన. ఫైట్ లేదు, విలన్ లేడు, ఎనకకెల్లి ఎవరో ఊకె నవ్వుతుండ్రు. రెండో ఎపిసోడ్ సగంల నిద్ర పట్టింది. ఇంక జూడాల్నా, బంద్ జెయ్యాల్నా?
— డిగ్రీ సెకండియర్ స్టూడెంట్, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, టీవీ బానే ఉంది, నువ్వు చూసిన తీరే కొంచెం మార్చాలి. నువ్వు ఫైట్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశావు, అక్కడ చూడాల్సింది నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని. మొదటి ఎపిసోడ్లో వాళ్లింటికి విజన్ ఆఫీస్ బాస్ హార్ట్, ఆయన భార్య భోజనానికొస్తారు గుర్తుందా. క్యాలెండర్లో ఆగస్ట్ 23 మీద హృదయం బొమ్మ వేసుంటే మొగుడూ పెళ్లాం ఇద్దరికీ అదేంటో గుర్తు రాదు, ఆవిడ పెళ్లిరోజనుకుంటుంది, తీరా చూస్తే బాస్ పేరే ఆ బొమ్మ. అక్కడిదాకా అంతా కామెడీనే, వంటింట్లో గిన్నెలు గాల్లో తిరుగుతుంటాయి, జనం నవ్వుతుంటారు. తర్వాత టేబుల్ దగ్గర కూర్చున్నాక ఆ బాస్ మామూలుగా అడిగే ప్రశ్నలే అడుగుతాడు, ఎక్కడ్నుంచి వచ్చారు, పెళ్లెప్పుడైంది, ఇక్కడికే ఎందుకొచ్చారు అని. ఇద్దరిలో ఒక్కరి దగ్గరా సమాధానం లేదు. ఆయన కోపంతో బల్ల గుద్దుతాడు, గొంతులో ముద్ద అడ్డం పడుతుంది, కింద పడిపోతాడు, పక్కన పెళ్లాం మాత్రం నవ్వు మొహంతోనే "ఆపు, ఆపు" అంటూ ఉంటుంది, అంటూనే ఉంటుంది. ఆ టైంలో వెనక ఒక్క నవ్వు వినపడదు చూడు. అప్పటిదాకా దూరంగా నాటకం చూపించినట్టు నిలబడ్డ కెమెరా ఒక్కసారిగా మొహాల దగ్గరికొచ్చేస్తుంది. నాకైతే వీపు మీద చల్లగా అనిపించింది, ఆ అర నిమిషం కోసం ఆ ఎపిసోడ్ మొత్తం కట్టారు అనుకుంటా.

రెండోది కొంచెం సాగింది, అది ఒప్పుకుంటా. అంతకు ముందే చూయింగ్ గమ్ మింగేసిన విజన్ మ్యాజిక్ షో సీన్లో లోపల పళ్లచక్రాలు అంటుకుపోయి తాగినోడిలా తూలడం మొదట బావుంటుంది గానీ అంతసేపు అక్కర్లేదు. మూడోది చూసి అప్పుడు బంద్ చెయ్యి. మూడో దాని చివర కూడా నిద్రొస్తే నీ ఇష్టం, నన్ను ఇంకో వారం తిట్టు.

ప్రశ్న: నమస్కారమండీ. మా మనవడు పెడితే పక్కన కూర్చుని చూశాను. సూపర్ హీరోల గోల నాకేం తెలీదు గానీ ఇది హాయిగా ఉంది, పాత రోజుల్లో నాటకంలా ఉంది. ఆ నవ్వేవాళ్లు ఎవరు? నిజంగా మనుషులేనా, రికార్డా?
— రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: టీచర్ గారూ, మొదటి ఎపిసోడ్లో నవ్వింది నిజం మనుషులేనండి. ఆ ఎపిసోడ్ పేరే 'స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీసినది' అని అర్థం వచ్చేలా పెట్టారు, ఊరికే పెట్టడం కాదు, నిజంగానే సెట్ ముందు జనాన్ని కూర్చోబెట్టి రెండు రోజుల్లో తీశారు. కెమెరాల వెనక పనిచేసేవాళ్లు కూడా ఆ కాలం బట్టలే వేసుకుని వచ్చారంట. అమెరికాలో 1950ల్లో టీవీ కామెడీలు అలాగే తీసేవాళ్లు, మూడు కెమెరాలు వరసగా పెట్టి, ఎదురుగా జనం, అచ్చం మన స్టేజీ నాటకమే, కాబట్టి మీకు నాటకంలా అనిపించడం కరెక్టే. రెండు, మూడు ఎపిసోడ్లకి మాత్రం రికార్డు నవ్వే. 1960లు, 70ల్లో అక్కడ చాలా కామెడీలు అలాగే వచ్చేవి, జనం లేరు, నవ్వు మాత్రం అతికించేవాళ్లు.

ఇంకోటి, రెండో ఎపిసోడ్ మొదట్లో మొగుడూ పెళ్లాం పక్కపక్కన వేరు వేరు మంచాల మీద పడుకుని ఉంటారు, తర్వాత ఆవిడ మంత్రంతో రెండూ కలిపేస్తుంది. అది ఉత్తి జోక్ కాదండి, ఆ రోజుల్లో అమెరికా టీవీలో మొగుడూపెళ్లాల్ని చాలావరకు రెండు మంచాల మీదే చూపించేవాళ్లు. మర్యాద! మన సినిమాల్లో రెండు పూలు దగ్గరకొచ్చేవి, వాళ్లకి మంచాలు దూరం జరిగేవి.

ప్రశ్న: సార్, సినిమాలో విలన్ థానోస్ విజన్ నుదుటి మీద రాయి పీకేసి చంపేశాడు కదా, మా కళ్లతో చూశాం. ఇక్కడ టైలు కట్టుకుని ఆఫీసుకెళ్తున్నాడు, ఎవరూ ఏంటని అడగరు కూడా. లాజిక్ మర్చిపోయారా? అసలు ఏ ఏ సినిమాలు చూస్తే ఇది అర్థమవుతుంది?
— రాజమండ్రి నుంచి ఒక అభిమాని

జవాబు: మర్చిపోలేదు. మీరు ఇప్పుడు అడిగిన ప్రశ్నే సిరీస్ అండి, దాన్ని వాళ్ల నోట్లోంచి రానివ్వకుండా ఎంతసేపు ఆపగలరు అన్నదే ఆట. మూడో ఎపిసోడ్లో విజన్ ఇక్కడేదో తేడాగా ఉంది అని అనబోతాడు, బొమ్మ ఒక్క తృటి తెగినట్టయి మళ్లీ అదే సీన్ మొదలవుతుంది, ఈసారి ఆ మాట ఉండదు, నవ్వుతూ ఇంకేదో అంటాడు. నేను మొదటిసారి నెట్ ఆగిందనుకుని రూటర్ తిట్టుకున్నా.

సినిమాలంటే 2015లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్', 2018 'ఇన్ఫినిటీ వార్' ఈ రెండూ తప్పకుండా చూడాలి. మొదటిదాంట్లో వాండా అన్న... అన్న అనాలో తమ్ముడనాలో, కవలలు కదా, ఆ పియెట్రో చనిపోతాడు, రెండోదాంట్లో విజన్ చనిపోతాడు, అది కూడా రెండు సార్లు, ఒకసారి ఆవిడ చేతుల మీదుగానే. 'సివిల్ వార్', 'ఎండ్‌గేమ్' కూడా చూస్తే మంచిదే గానీ చూడకపోయినా నడుస్తుంది. ఇవేవీ చూడకుండా కూర్చుంటే మాత్రం ఇది ఒక వింత పాత సీరియల్ లాగా కనపడుద్ది, మా ఇంట్లో వాళ్లకి అలాగే కనపడింది, మధ్యలో లేచి వెళ్లి పప్పు తాలింపు పెట్టుకున్నారు.

ప్రశ్న: నేను ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లు, అయినా ఆ పాత షోలు నాకు తెలీవు, మా పిల్లలకీ తెలీవు. దేన్ని చూసి ఏది తీశారో చెప్తారా? మధ్యలో వచ్చే యాడ్స్ ఏంటండీ, నిజం యాడ్స్ అనుకుని స్కిప్ చెయ్యబోయాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

జవాబు: అయ్యో స్కిప్ చెయ్యకండి మేడం, అసలు సరుకంతా అక్కడే ఉంది. మొదటిదాంట్లో టోస్టర్ యాడ్ వస్తుంది, కంపెనీ పేరు స్టార్క్ ఇండస్ట్రీస్, అంటే ఐరన్ మ్యాన్ కంపెనీ. బ్రెడ్ పెట్టాక అది టిక్ టిక్ అని మోగడం మొదలుపెట్టి ఆగదు, దాని మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది, మొత్తం నలుపు తెలుపు ఎపిసోడ్లో యాడ్ మధ్యలో ఆ ఒక్క చుక్కకే రంగు. ఇప్పుడు 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' గుర్తు చేసుకోండి, చిన్నప్పుడు వాండా వాళ్లింటి మీద బాంబు పడి అమ్మానాన్న పోయారు, రెండో బాంబు పేలకుండా ఈ పిల్లల ముందే పడి ఉంటే ఇప్పుడు పేలుతుందా అప్పుడు పేలుతుందా అని రెండు రోజులు చూస్తూ ఉన్నారు, దాని మీద ఉన్న పేరు స్టార్క్. టోస్టర్ అర్థమైందిగా. రెండోదాంట్లో వాచీ యాడ్, పేరు స్ట్రకర్, ఆ పిల్లల మీద ప్రయోగాలు చేసిన హైడ్రా అనే దుష్టముఠా వాడి పేరు అదే. మూడోదాంట్లో స్నానాల పొడి, దాని పేరే హైడ్రా సోక్. యాడ్‌లో నటించే ఆడామగా కూడా వాళ్లే, మారరు.

షోల విషయానికొస్తే, మొదటిదానికి 'ఐ లవ్ లూసీ', 'డిక్ వాన్ డైక్ షో' అండి. డైరెక్టర్ మాట్ షాక్‌మన్, మార్వెల్ పెద్దాయన కెవిన్ ఫైగీ కలిసి ఏకంగా డిక్ వాన్ డైక్ గారితోనే కూర్చుని భోంచేసి మీ షో ఎలా తీసేవాళ్లని అడిగి తెలుసుకున్నారు, అప్పటికే ఆయనకి తొంభై దాటాయి. రెండోదానికి 'బివిచ్డ్', 1964లో మొదలైంది, మామూలు మొగుణ్ణి చేసుకున్న మంత్రగత్తె కథ, టైటిల్స్‌లో కార్టూన్ బొమ్మలు అక్కడివే. మూడోది 'బ్రేడీ బంచ్' లాంటి 70ల ఫ్యామిలీ షోలు, ఆ మెట్లూ ఆ రంగులూ అన్నీ. ఇంకో తమాషా ఏంటంటే వాండాగా చేసిన ఎలిజబెత్ ఓల్సన్ సొంత అక్కలు ఇద్దరూ చంటిపిల్లలుగా ఉన్నప్పుడే 'ఫుల్ హౌస్' అనే ఇలాంటి కామెడీలోనే చేశారు, అంటే ఈవిడ ఇంట్లోనే ఉంది ఈ వ్యవహారమంతా.

ప్రశ్న: రెండో ఎపిసోడ్ చివర తేనెటీగలు పట్టేవాడి డ్రెస్సులో వచ్చింది ఎవరు సార్?
— పేరు వద్దు, నిజామాబాద్

జవాబు: చెప్పను.

ప్రశ్న: నేను కెమెరా కోర్సు చేస్తున్నా సార్. కలర్లో తీసి తర్వాత రంగు తీసేశారా, లేక నిజంగా పాత పద్ధతిలో తీశారా? మా క్లాసులో దీని మీద పెద్ద గొడవ.
— విశాఖపట్నం

జవాబు: గొడవలో ఎవరు గెలిచారో రాయండి తర్వాత. నేను పక్కాగా చెప్పగలిగింది ఏంటంటే, కంప్యూటర్ ముందు కూర్చుని రంగు తీసేస్తే అయిపోయే పని కాదది, సెట్లోనే చాలా ముందు నుంచే నలుపు తెలుపు కోసం ఆలోచించారు. విజన్ మొహం సినిమాల్లో మెరూన్ కదా, ఆ రంగు నలుపు తెలుపులో సరిగ్గా పడలేదని విజన్‌గా చేసిన పాల్ బెటనీకి మొదటి రెండు ఎపిసోడ్లకి నీలం రంగు పూశారు. అంటే సెట్లో కూర్చున్న జనానికి కనపడింది నీలం విజన్, ఊహించుకోండి! గాల్లో తేలే గిన్నెలకీ సీసాలకీ చాలావరకు తీగలూ కడ్డీలే. మనకిదేం కొత్త కాదు, 1957లోనే 'మాయాబజార్'లో లడ్డూలు ఎగిరెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి, అప్పుడు కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీకి కంప్యూటర్ ఎక్కడిది.

మీరు క్లాసులో చూపించాల్సింది ఇంకోటుంది, ఫ్రేమ్. మొదటి నుంచీ పాత టీవీ సైజు, దాదాపు చదరంగా, 4:3. మూడో ఎపిసోడ్ చివర్లో అదే ఊరావిడగా వచ్చిన జెరాల్డీన్ మాటల్లో పియెట్రోని చంపింది అల్ట్రాన్ కదా అనేస్తుంది (ఆ 2015 సినిమాలో విలన్ అతనే). వాండా మొహం మారుద్ది. తర్వాత ఆవిణ్ణి ఊరి బయటికి విసిరేసినప్పుడు రెండు పక్కలా నల్ల పట్టీలు మెల్లగా జరిగిపోయి ఫ్రేమ్ సినిమా అంత వెడల్పు అవుతుంది. రంగు కంటే నాకు అదే గొప్పగా అనిపించింది, డైలాగ్ లేకుండా ఇది వేరే లోకం అని చెప్పేశారు. రంగు విషయంలో కూడా రెండోదాంట్లో పొదల్లో పడ్డ బొమ్మ హెలికాప్టర్ ఎరుపూ పసుపూ, డాటీ అనే ఊళ్లో ఆవిడ చేతిలో గ్లాసు పగిలితే రక్తం ఎరుపు, ఆ టైంలోనే రేడియోలో ఎవరో "వాండా, నీకిదంతా ఎవరు చేస్తున్నారు" అని పిలుస్తుంటారు. ఎరుపు కనపడినప్పుడల్లా బయటి లోకం ఎక్కడో గోడ తడుతున్నట్టు.

ప్రశ్న: అన్నీ ఒకేసారి వదలకుండా వారం వారం ఎందుకు సతాయించారు? ఇప్పుడు ఎలాగూ అన్నీ ఉన్నాయి కదా, ఒక్క రాత్రిలో లాగించెయ్యొచ్చా?
— హైదరాబాద్

జవాబు: 2021 జనవరి 15న, మనకి కనుమ రోజు, మొదటి రెండూ కలిపి వదిలారు, అక్కడ్నుంచి శుక్రవారానికి ఒకటి, మార్చి 5తో తొమ్మిదీ అయిపోయాయి. మార్వెల్ స్టూడియోస్ డిస్నీ ప్లస్ కోసం తీసిన వాటిలో మొదట రావాల్సింది అసలు ఇది కాదు, ఫాల్కన్ అనే ఇంకో హీరో సిరీస్ ముందు రావాలి, కోవిడ్ వల్ల షూటింగులు ఆగి లెక్క తారుమారైంది. ఫైట్లున్నది వెనక్కెళ్లి, పదేళ్లకి పైగా ఫైట్లు చూసిన జనం ముందుకి నలుపు తెలుపు కామెడీ మొదట వచ్చింది, మన కరీంనగర్ తమ్ముడి కష్టాలకి కారణం అదీ. ఒక్క రాత్రిలో చూడొచ్చు గానీ మొదటి మూడూ ఒక రోజు చూసి ఒక్క రోజు ఆగండి, బుర్రలో కాస్త నానాలి, మినప్పప్పు నానకుండా రుబ్బితే గారె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, ఐరన్ మ్యాన్ అంటే పిచ్చి. వాడికి చూపించొచ్చా అండీ?
— తిరుపతి నుంచి ఒక అమ్మ

జవాబు: మొదటి మూడింట్లో కొట్టుకోవడాలు పెద్దగా లేవమ్మా, బూతులేం లేవు, ఐరన్ మ్యాన్ కూడా లేడు, అందుకని వాడే పది నిమిషాల్లో లేచి ఆడుకోడానికి పోతాడేమో చూడండి. కూర్చుంటే మాత్రం బాస్ గొంతులో ముద్ద అడ్డం పడే సీన్ దగ్గర, రెండో ఎపిసోడ్ చివర రాత్రిపూట రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత కదులుతుంది, అక్కడ పక్కనే ఉండండి. మా అక్క కొడుకు ఆ రాత్రి బాత్రూంకి నన్ను తోడు తీసుకెళ్లాడు, వాడు తొమ్మిదో క్లాసు.