ఇల్లు కాలిపోయినా ఈఎంఐ ఆగదు

ప్రశ్న: లోన్ తీసుకుని ఫ్లాట్ కొనుక్కుని రెండేళ్లయింది. నేను, నా భార్య ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మాతోపాటు అమ్మ, ఇద్దరు పిల్లలు ఉంటారు. పోయిన నెల మా కింది అంతస్తులో ఒక ఫ్లాట్ కాలిపోయింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నెలకి కాస్త డబ్బు మిగులుతోంది. దాన్ని లోన్‌లోకి అదనంగా కట్టేయాలా, ఇంటికి బీమా తీసుకోవాలా? లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్లు ఏదో ఇన్సూరెన్స్ చేయించారు. అది సరిపోదా?

జవాబు: "ఏదో ఇన్సూరెన్స్" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ముందు ఆ కాగితం బయటికి తీయండి. లోన్‌తోపాటు అంటగట్టేవి సాధారణంగా రెండు రకాలు. ఒకటి మీ ప్రాణానికి సంబంధించింది. మీకేమైనా అయితే మిగిలిన అప్పు తీరుస్తుంది. ఇల్లు బూడిదైనా మీరు క్షేమంగా ఉంటే అందులోంచి పైసా రాదు. రెండోది ఇంటి కట్టడానికి చేసే అగ్నిప్రమాద బీమా. ఇది ఉన్నా సాధారణంగా గోడలకీ కప్పుకీ తప్ప లోపలి సామానుకి వర్తించదు. పైగా పరిహారం మీద మొదటి హక్కు అప్పిచ్చిన వాళ్లది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి రకం పెట్టుకుని రెండోది ఉందనుకుంటారు.

కట్టడానికి బీమా ఉందని తేలితే, ఎంత మొత్తానికి ఉందో చూడండి. లోన్ ఎంతో అంతకే చేయించి వదిలేయడం మామూలే. కానీ అసలు లెక్క అప్పుది కాదు, కొన్న ధరదీ కాదు. కొన్న ధరలో స్థలం విలువ కూడా ఉంటుంది, స్థలం కాలదు కదా. ఈరోజు అదే కట్టడాన్ని మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో, శిథిలాలు ఎత్తిపోసే ఖర్చుతో సహా, అంత మొత్తానికి ఉండాలి.

తక్కువకి చేయిస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. మళ్లీ కట్టడానికి వంద అవుతుందనుకోండి. మీరు అరవైకే బీమా చేయించారు. వంటగది కాలి ముప్పై నష్టం వచ్చింది. అరవైలోపే ఉంది కాబట్టి ముప్పై మొత్తం ఇస్తారనుకుంటాం. యావరేజ్ క్లాజ్ (తక్కువకి బీమా చేయిస్తే పరిహారాన్నీ అదే నిష్పత్తిలో తగ్గించే షరతు) ఉన్న పాలసీలో పద్దెనిమిదే వస్తుంది. అరవై శాతానికే బీమా చేశారు కాబట్టి ఏ నష్టమైనా అరవై శాతమే భరిస్తామంటారు. మిగతా పన్నెండు మన జేబులోంచే.

సామానుకి విడిగా తీసుకోండి. అందులో తరుగుదల (వాడేకొద్దీ తగ్గే విలువ) తీసేసి ఇస్తారా, కొత్త వస్తువు ధర ఇస్తారా అన్నది తప్పకుండా అడగండి. పదేళ్లు పనిచేస్తుందని లెక్కేసిన ఫ్రిజ్ ఎనిమిదేళ్లు వాడాక కాలిపోతే, తరుగుదల పద్ధతిలో చేతికొచ్చేది ఐదో వంతే. ప్రీమియం కొంచెం ఎక్కువైనా కొత్త ధర ఇచ్చేదానికే నా ఓటు. నగలు, నగదు మీద పరిమితులుంటాయి. ఇల్లు ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటే చాలా పాలసీల్లో షరతులు మారతాయి. మీది ఫ్లాట్ కాబట్టి ఇంకో రెండు సంగతులు. భవనం మొత్తానికి అసోసియేషన్ బీమా చేయించిందేమో కనుక్కోండి. ఒకే గోడకి రెండు పాలసీలున్నా రెండు సార్లు పరిహారం రాదు. అలాగే మీ ఇంట్లో మొదలైన మంట పక్కవాళ్లకి అంటుకున్నా, ఆర్పడానికి కొట్టిన నీళ్లు కింది ఫ్లాట్‌ని పాడుచేసినా ఆ బాధ్యత ఎవరిదన్న తగాదా మీ గుమ్మం దాకా వస్తుంది. ఇతరులకి కలిగే నష్టానికి కవరేజీ ఉందో లేదో చూసుకోండి.

ఈ వారాంతంలో ఒక గంట పెట్టి ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీయండి. బీరువాలు తెరిచి, వస్తువుల వెనకున్న మోడల్ నంబర్లు కూడా. బిల్లుల ఫోటోలతో కలిపి క్లౌడ్‌లో దాచండి. ఇల్లు కాలిన ఒకాయన క్లెయిమ్ ఫారం ముందు కూర్చుని వంటగదిలో ఏమేం ఉండేవో గుర్తురాక తలపట్టుకోవడం చూశాను. మంటల్ని తట్టుకునే పెట్టె కొంటే అది దేనికోసం చేశారో చూడండి. కాగితాలకి చేసిన వాటిలో లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. కాగితం బతుకుతుంది కానీ పెన్‌డ్రైవ్ బతకదు.

ఇక లోన్ ముందుగా తీర్చడం. ఇప్పుడే వద్దు. అదనంగా కట్టిన డబ్బు గోడల్లో కలిసిపోతుంది, అవసరానికి వెనక్కి తీసుకోలేరు. ఇల్లు కాలితే బయట అద్దె మొదలవుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి, లెక్క తేలి, డబ్బు చేతికొచ్చేసరికి నెలలు పట్టొచ్చు. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐ, అద్దె కలిపి ఎంతవుతుందో అంత డబ్బు వెంటనే తీసుకోగలిగేలా పెట్టుకోండి. పాలసీలో తాత్కాలిక నివాసం ఖర్చు ఇచ్చే సదుపాయం ఉంటే కాస్త తగ్గించుకోవచ్చు.

అయితే వీటన్నిటికంటే ముందు, మిగిలిన డబ్బులో మొదటి వాటా పొగ అలారాలకి పోవాలి. నిద్రలో ఉన్నవాళ్లని పొగ వాసన లేపుతుందని నమ్మకండి. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంకా మత్తులోకి నెడుతుంది. పడకగదుల్లో ఒక్కోటి, వాటి బయట ఒకటి పెట్టించండి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి, పదేళ్లకి మార్చేయండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్‌లు) చూపించండి. ఈ మాట చెప్పే హక్కు నాకు ఆలస్యంగా వచ్చింది. పదిమందికీ బీమా పాఠాలు చెప్పే నేను మా ఇంట్లో రూమ్ హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించి, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తే కానీ గమనించలేదు. వంటింట్లో పొయ్యి మీద నూనె ఉండగా ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లకండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీరు ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాకోచించి మండుతున్న నూనెని చుట్టూ చిమ్ముతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టండి, చల్లారేదాకా తీయకండి. స్కూటర్ బ్యాటరీని రాత్రంతా గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టే అలవాటుంటే మానండి. బయటపడే దారి అదే కదా.

అమ్మగారిని ఎవరు నడిపించాలి, పిల్లల్ని ఎవరు పట్టుకోవాలి, బయట ఎక్కడ కలవాలి అనేది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. ఓసారి లిఫ్ట్ వాడకుండా మెట్ల మీదుగా దిగి చూడండి, అమ్మగారికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. రాత్రి పడకగదుల తలుపులు మూసి పడుకుంటే మంట, పొగ లోపలికి రావడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. కాగితాల కోసం మాత్రం ఎవరూ వెనక్కి వెళ్లకూడదు. అవి క్లౌడ్‌లో ఉంటే ఆ ఆలోచనే రాదు.

బ్యాంకు ఇచ్చిన పాలసీ మొదటి పేజీలో బీమా మొత్తం ఎంతుందో, ఫ్లాట్ విస్తీర్ణం ఎంతో చూసి నాకు రాయండి. సామాను పాలసీ ఎంతకి తీసుకోవాలో అప్పుడు లెక్క వేద్దాం.