పొగ కాలకుండా ఎందుకు మిగిలింది?

ప్రశ్న: మాది గుణుపురం. ఎం.టెక్. ప్రాజెక్టుకి చిన్న మీథేన్ బర్నర్‌ని సిమ్యులేట్ చేస్తున్నాను. టర్బులెన్స్‌కి (గాలి సుడులకి) కె-ఎప్సిలాన్ మోడల్, రసాయన చర్యలకి మామూలు అర్హీనియస్ రేటు (ఉష్ణోగ్రతని బట్టి చర్య వేగం ఇచ్చే సూత్రం) వాడాను. లెక్కలో కార్బన్ మోనాక్సైడ్ దాదాపు సున్నా వస్తోంది. ల్యాబ్‌లో కొలిస్తే మాత్రం చాలానే ఉంది. మెష్ (లెక్క కోసం బర్నర్‌ని విడగొట్టే గడులు) ఎంత సన్నం చేసినా అంతే. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మెష్ సంగతి ప్రస్తుతానికి వదిలేయండి.

పర్లాకిమిడిలో మా అమ్మ వానాకాలం తడి కట్టెలతోనే వండేది. వంటిల్లంతా పొగ. గొట్టంతో గట్టిగా ఊదితే భగ్గున మంట లేచి పొగ తగ్గేది. ఆ పొగలో చాలా భాగం కాలని ఇంధనమే. పొయ్యి వేడిగా ఉంది, గదినిండా గాలి ఉంది, కానీ రెండూ సరిగా కలవలేదు. మీ లెక్కకి ఆ కలవకపోవడం కనిపించడం లేదు.

కె-ఎప్సిలాన్ ఇచ్చేది సగటులు. మెష్‌లోని ఒక సెల్‌లోకి, అంటే ఒక గడిలోకి, ఓ క్షణం ఇంధనం, మరుక్షణం గాలి వచ్చిపోతుంటే, సగటులో రెండూ పక్కపక్కనే ఉన్నట్టు తేలుతుంది. ప్రోగ్రాం వెంటనే కాల్చేస్తుంది.

ఉష్ణోగ్రత దగ్గర తప్పు రెండో వైపుకి కూడా పోతుంది, చర్య వేగాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. సెల్ సగం సేపు 1000, సగం సేపు 2000 కెల్విన్ల దగ్గర ఉందనుకోండి. యాక్టివేషన్ ఉష్ణోగ్రత (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గడపని కెల్విన్లలో చెప్పే అంకె) 20,000 కెల్విన్లయితే, అసలు సగటు రేటు 1500 దగ్గర వచ్చే రేటుకి సుమారు 14 రెట్లు. కాగితం మీద మీరే వేసి చూడండి. నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్ చేతా ఇది వేయించాను, చేత్తో వేస్తే తప్ప నమ్మకం కుదరదు.

ముందు రియాక్షన్లు ఆపేసి, ఇంధనం గాలిలో ఎలా పరుచుకుంటుందో ఒక్కటే చూడండి. టర్బులెంట్ ష్మిట్ సంఖ్య (సుడులు వేగాన్ని పంచే తీరుకీ ఇంధనాన్ని పంచే తీరుకీ నిష్పత్తి) సాధారణంగా 0.7 పెడతారు. 0.5, 0.9 పెట్టి కూడా నడపండి.

తర్వాత మంట ఉండే చోట కె ని (సుడుల శక్తి) ఎప్సిలాన్‌తో (ఆ శక్తి కరిగిపోయే వేగం) భాగించండి. కె 6, ఎప్సిలాన్ 600 అయితే కలవడానికి పట్టే కాలం 0.01 సెకను. రసాయన చర్య అంతకంటే చాలా త్వరగా ముగిసేదైతే పగ్గం కలయిక చేతిలోనే ఉంటుంది. మాగ్నుసెన్, యెర్టాగర్ 1976లో ఇచ్చిన ఎడ్డీ డిసిపేషన్ మోడల్ దీనికే. కానీ అది ఏ చర్యనైనా కలయిక వేగంతోనే నడుపుతుంది, కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అంకెకి దాన్ని నమ్మకండి. మీకు కావలసింది కలయికతో పాటు చర్యల వేగాన్నీ లెక్కలోకి తీసుకునే ఎడ్డీ డిసిపేషన్ కాన్సెప్ట్, దాంతో పాటు బహుళ దశల మెకానిజం (చర్యల జాబితా). మీథేన్ మంటలకి వాడే జీఆర్‌ఐ-మెక్ 3.0 మెకానిజంలో 53 పదార్థాలు, 325 చర్యలు ఉన్నాయి, మీ కంప్యూటర్‌కి బరువు. కుదించిన మెకానిజంతో మొదలుపెట్టండి.

ఆ 0.01 స్థానంలో మీకు ఎంత వచ్చిందో, వాయువుని గొట్టంలో ఎక్కడ కొలిచారో రాయండి.