పాఠకుల ప్రశ్నలు: పేదరికం, వలస, విదేశీ సహాయం

ప్రశ్న: పేద దేశాలకు సంపన్న దేశాలు తగినంత సహాయం చేసి, అక్కడే బతుకుతెరువు చూపిస్తే జనం దేశం విడిచిపోవలసిన అవసరం ఉండదని తరచుగా వింటున్నాం. మరి ఇన్ని దశాబ్దాలుగా సహాయం అందుతున్నా వలసలు తగ్గడం లేదెందుకు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీరు చెప్పిన నమ్మకంతోనే 2015 నవంబరులో ఐరోపా, ఆఫ్రికా దేశాల నాయకులు మాల్టా రాజధాని వాలెట్టాలో సమావేశమయ్యారు. వలసలకు మూలకారణాలను తొలగించాలన్న ఉద్దేశంతో ఐరోపా సమాఖ్య అక్కడ ప్రారంభించిన అత్యవసర నిధి క్రమంగా సుమారు 500 కోట్ల యూరోలకు చేరింది. అయితే పేదరికం తగ్గిన కొద్దీ వలస కూడా తగ్గుతుందన్న లెక్క అంత సూటిగా పనిచేయదు. కటిక పేదరికంలో ఉన్న మనిషికి దూరదేశం పోవడం కోరికగానే మిగిలిపోతుంది. పాస్‌పోర్టుకు, ప్రయాణానికి, ఏజెంటుకు డబ్బు కావాలి, అక్కడ మొదటి జీతం చేతికందే దాకా ఇంటి దగ్గర పొయ్యి వెలిగే మార్గమూ ఉండాలి. ఒక దేశపు తలసరి ఆదాయం, దేశాల మధ్య ధరల తేడాను సరిచేసే కొనుగోలు శక్తి లెక్కలో, సుమారు 10,000 డాలర్లకు చేరేవరకు వలస సగటున పెరుగుతూనే పోతుందనీ, ఆ తరువాతే తగ్గుముఖం పడుతుందనీ అమెరికన్ ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్ అనేక దేశాల లెక్కలు పరిశీలించి చూపించారు.

ఇందుకు ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. కరవుతో అల్లాడిన పాలమూరు పల్లెల నుంచి భూమి లేని కుటుంబాలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి దేశంలోని ఆనకట్టల పనులకు, ముంబయి వంటి నగరాలలో ఇళ్ల కట్టుబడి పనులకు పోయాయి. కొద్దిపాటి భూమో, అప్పు పుట్టేపాటి పరపతో ఉన్న కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల వారు గల్ఫ్ దారి పట్టారు. కాలువ నీటితో రెండు మూడు తరాలుగా నిలదొక్కుకున్న కృష్ణా డెల్టా కుటుంబాలు పిల్లలను చదివించి అమెరికాకు పంపగలిగాయి. మినహాయింపులు ఎన్నో ఉన్న మాట నిజమే గాని, ఎవరు ఎంత దూరం పోగలరన్నది వారి స్తోమతును బట్టే ఎక్కువగా నిర్ణయమైంది.

సహాయాన్ని వలసకు అడ్డుకట్టగా వాడితే ఏమవుతుందో నైజర్ దేశపు అనుభవం చెబుతుంది. సహారా ఎడారి అంచున ఉన్న అగాదెజ్ పట్టణం మీదుగా పశ్చిమాఫ్రికా ప్రజలు తరతరాలుగా లిబియాకు, అల్జీరియాకు పనుల కోసం వెళ్లి వస్తుండేవారు. 2015లో నైజర్ ప్రభుత్వం, ఐరోపా ప్రోద్బలంతో, వలసదారులను వాహనాలలో తరలించడాన్ని నేరంగా పరిగణించే చట్టం చేసింది. డ్రైవర్లు, బస ఇచ్చేవారు, ప్రయాణికులకు తిండి అమ్ముకునేవారు ఒక్కసారిగా జీవనోపాధి కోల్పోయారు. ప్రత్యామ్నాయ ఉపాధి కోసం వచ్చిన సహాయం వారిలో కొద్దిమందికే అందింది. ప్రయాణాలు మాత్రం ఆగిపోలేదు, గస్తీ కళ్లబడకుండా నీటి బావులకు దూరంగా ఉండే ప్రమాదకరమైన ఎడారి దారులకు మళ్లాయి. 2023 జూలైలో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులో ఆ చట్టాన్ని రద్దు చేసింది. ప్రపంచంలోని అతి పేద దేశాలలో ఒకటైన నైజర్‌కు వచ్చిన సహాయాన్ని, ఆ దేశపు పేదలకు ఏం మేలు జరిగిందన్న ప్రశ్నతో కాక, ఐరోపా తీరానికి ఎంతమంది చేరారన్న ప్రశ్నతో కొలవడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: ప్రవాసులు ఇళ్లకు పంపే సొమ్ము విదేశీ సహాయం కన్నా ఎంతో ఎక్కువని చదివాను. అలాంటప్పుడు ఇక ఆ సహాయంతో పనేమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివినది నిజమే. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2023లో అల్ప, మధ్య ఆదాయ దేశాలకు ప్రవాసుల నుంచి చేరిన సొమ్ము సుమారు 65,600 కోట్ల డాలర్లు కాగా, అదే ఏడాది సంపన్న దేశాలు ఇచ్చిన అధికారిక సహాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు మాత్రమే. కాని ఆ సొమ్ము ఎక్కడికి చేరిందో కూడా చూడాలి. ఒక్క భారతదేశానికే సుమారు 12,000 కోట్ల డాలర్లు వచ్చాయి. మెక్సికో, చైనా, ఫిలిప్పీన్స్ కూడా ముందు వరుసలో ఉన్నాయి. పైన చెప్పిన కారణం చేతనే, దూరం పోలేని ప్రజలున్న చాద్, నైజర్ వంటి దేశాలకు దక్కేది చాలా తక్కువ. పైగా దుబాయి నుంచి వచ్చిన డబ్బు ఒక ఇంటి అప్పు తీర్చి, పిల్లల ఫీజు కట్టి, స్లాబు వేయించగలదే గాని, ఊరంతటికీ టీకాలు వేయించలేదు.

ఉమ్మడి సహాయం మాత్రమే చేయగల పని ఎలా ఉంటుందో పశ్చిమాఫ్రికాలో చూశాం. వేగంగా పారే నదుల వెంట పెరిగే చిన్న నల్ల ఈగ కాటుతో వ్యాపించి చూపును పోగొట్టే ఒక వ్యాధికి భయపడి అక్కడి రైతులు సారవంతమైన నదీ లోయలను వదిలేసి, పంట సరిగా పండని మెట్టలకు తరలిపోయేవారు. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం 2002 వరకు సాగి, క్రమంగా 11 దేశాలకు విస్తరించింది. విమానాల నుంచి నదులలో మందు చల్లి ఈగ లార్వాలను చంపారు, తరువాతి కాలంలో ఉచితంగా లభించిన ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఊరూరా పంచారు. సుమారు 6 లక్షల మంది చూపు పోకుండా నిలిచింది, దాదాపు 2.5 కోట్ల హెక్టార్ల భూమి తిరిగి సాగుకు, నివాసానికి పనికివచ్చింది. జనం మళ్లీ ఆ లోయలకు తరలివచ్చారు. అంటే ఇక్కడ సహాయం వలసను ఆపలేదు, వలస పోవడానికి మంచి చోటు కల్పించింది.

ప్రవాసుల సొమ్ములో నడుమ జారిపోయేది కూడా తక్కువేమీ కాదు. డబ్బు పంపే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకున్నా, ప్రపంచ సగటు ఇప్పటికీ 6 శాతానికి పైనే ఉంది, సహారా దిగువ ఆఫ్రికాకు ఇంకా ఎక్కువ. మన గల్ఫ్ కార్మికులను కుంగదీసేది మాత్రం ప్రయాణానికి ముందు చేసే అప్పే. రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదని నిబంధన ఉన్నా, ఫలానా యజమాని దగ్గరే పనిచేయాలన్న కట్టుబాటు ఉండదని చెప్పి అమ్మే ఆజాద్ వీసా పేరుతో అంతకు ఎన్నో రెట్లు గుంజుతున్నారు. తొలి నెలల జీతమంతా ఆ అప్పు వడ్డీకే పోతోంది. ఈ దోపిడీని అరికట్టడానికి ఏ దేశపు సహాయమూ అక్కరలేదు.

ప్రశ్న: సంపన్న దేశాలు ఇస్తామన్నంత సహాయం ఇస్తున్నాయా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: లేదు. జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని 1970లోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 2023లో నార్వే, లగ్జెంబర్గ్, స్వీడన్, జర్మనీ, డెన్మార్క్ మాత్రమే ఆ మాట నిలబెట్టుకున్నాయి, దాతలందరినీ కలిపి చూస్తే 0.37 శాతమే. తమ దేశానికి వచ్చిన శరణార్థుల వసతికి తమ గడ్డ మీదే పెట్టే తొలి ఏడాది ఖర్చును కూడా సహాయంగా చూపుకునే వెసులుబాటు వారికి ఉంది, 2023లో ఆ పద్దు మొత్తం సహాయంలో సుమారు ఏడో వంతు. 2024లో మొత్తం సహాయం తగ్గింది. 1961 నుంచి పనిచేసిన అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది.

ప్రశ్న: శిబిరాలలో ఊరికే తిండి పెట్టడం వల్లే శరణార్థులు స్వదేశానికి తిరిగి వెళ్లడం లేదని కొందరు వాదిస్తున్నారు. ఆ సహాయం తగ్గిస్తే వెళ్లిపోతారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలలో జరిగినది ఇందుకు సమాధానం. 2017 ఆగస్టు నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ సైన్యం దాడులకు ప్రాణాలు అరచేత పట్టుకుని అక్కడికి చేరారు. 2023లో విరాళాలు చాలక ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం ఒక్కొక్కరికి నెలకు ఇచ్చే 12 డాలర్ల రేషన్‌ను ముందు 10కి, జూన్ నాటికి 8 డాలర్లకు తగ్గించింది. మయన్మార్‌లో ప్రాణానికీ పౌరసత్వానికీ భరోసా లేనందున వారు అటు వెళ్లలేదు. శిబిరాలలో ముఠాల హింస కూడా పెచ్చుమీరిన ఆ ఏడాది చివరి నెలల్లో వెయ్యి మందికి పైగా పడవలెక్కి ఇండోనేషియాలోని ఆచే తీరానికి చేరారు. కనుక రేషన్ కోత వారిని ఇంటికి పంపదు, మరింత ప్రమాదం వైపు నెడుతుంది. శిబిరం బయట పనిచేసుకునే అనుమతి వారికి లేదన్న సంగతి మరచి, ఊరికే తింటున్నారని నిందించడం ఎంతమాత్రం తగదు. ఉగాండా, తానూ పేద దేశమే అయినా, తన దగ్గరకు వచ్చిన పదిహేను లక్షలకు పైగా శరణార్థులకు పని చేసుకునే హక్కునిచ్చింది, సెటిల్‌మెంట్లలో చేరినవారికి సాగుకు చిన్న భూమి ముక్కలను కూడా కేటాయించింది.