శాతవాహన నాణేల మీది గుర్తుకు ఉజ్జయినీ చిహ్నమని పేరెలా వచ్చింది?

కూడిక గుర్తు నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు తగిలించినట్టుండే ముద్రను ఉజ్జయినీ చిహ్నమని ఎందుకంటారనీ, తెలంగాణలో దొరికిన శాతవాహన నాణేనికి మాళవ నగరంతో ఏం సంబంధమనీ మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఈ నాణేలను సేకరిస్తూ, చదివి వివరాలు రాసుకుంటున్న అనుభవంతో జవాబిస్తున్నాను.

ఆ పేరు శాతవాహనులు పెట్టింది కాదు. ఉజ్జయినిలోనూ దాని చుట్టుపక్కలా దొరికిన ప్రాచీన రాగి నాణేల మీద ఈ గుర్తు అడుగడుగునా కనిపించడంతో, 19వ శతాబ్దపు నాణేల పండితులు దాన్ని ఆ ఊరి పేరుతో గుర్తుపెట్టుకున్నారు. 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం నాణేల పండితుడు రాప్సన్ కూర్చిన ఆంధ్ర రాజుల (అంటే శాతవాహనుల) నాణేల పట్టిక కూడా అదే పేరు వాడింది కనుక ఆ తరువాత అందరికీ అదే అలవాటయింది. అంటే ఇది గుర్తు ఎక్కువగా దొరికిన చోటును బట్టి వచ్చిన పేరే తప్ప, దాని అర్థం చెప్పే పేరు కాదు. నాలుగు దిక్కులని కొందరూ, నాలుగు దారుల కూడలి అని కొందరూ వివరించారు గానీ వాటిలో ఏదీ రుజువైన మాట కాదు.

శాతవాహనులు మాత్రం దీన్ని తమ సొంత ముద్రగానే వాడుకున్నారని నా అభిప్రాయం. అందుకు నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే ఆధారం నాసిక్ ప్రాంతపు జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన నిధి. అందులోని 13,000 పైచిలుకు వెండి నాణేలన్నీ శాతవాహనుల ప్రత్యర్థి, క్షహరాత వంశపు శక రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఒకవైపు మూడు వంపుల కొండనూ తన పేరునూ, మరోవైపు ఈ నాలుగు సున్నాల గుర్తునూ మళ్లీ అచ్చు కొట్టించాడు. ఓడిన రాజు సొమ్ము ఇకపై తనదని చాటడానికి ఎంచుకున్న గుర్తు ఇది. అతని తరువాతి రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి వెండి నాణేల మీద బొమ్మ వైపు రాజు తల ఉంటే, బొరుసు వైపు కొండ పక్కనే మళ్లీ ఇదే నిలిచింది.

తొండమెత్తిన ఏనుగు ఉండే పోటిన్ నాణేలలో, అంటే రాగి, సీసం, తగరం కలిపి చేసిన వాటిలో, ఈ గుర్తు చూడడానికి కొంత ఓపిక కావాలి. బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది కావడంతో చాలాసార్లు రెండు సున్నాలే నాణెం మీద పడతాయి, మిగతా రెండూ అంచు దాటి పోతాయి. నేను దీపాన్ని పక్కకు దించి, వెలుగు నాణెం మీద ఏటవాలుగా పడేలా పెట్టుకుంటాను. అప్పుడు అరిగిపోయిన గీత కూడా సన్నని నీడగా తేలి, సున్నా ఒంటి వలయమా, జంట వలయమా, నడుమ చుక్క ఉందా అన్నది తెలుస్తుంది.

కాబట్టి తెలంగాణలోని పెద్దబంకూరులోనో కోటిలింగాలలోనో దొరికిన నాణెం మీద ఈ గుర్తు ఉన్నంత మాత్రాన అది ఉజ్జయిని టంకశాలలో తయారైందని రాసుకోకండి. ఎవరి నాణెమో తేల్చడానికి ఏనుగు చుట్టూ ఉండే బ్రాహ్మీ అక్షరాలను చదవాలి. అక్షరాలు పోయినప్పుడు సున్నాల తీరు, పైన నెలవంక ఉందా లేదా అన్న వివరం, తూకం, దొరికిన చోటు, ఈ నాలుగూ విడివిడిగా రాసి ఉంచుకుంటే పోల్చి చూడడానికి పనికొస్తాయి.