గట్టు మీద కూర్చోవడం నేర్చుకో

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు జంతువుల్ని చూద్దామని పొలాలన్నీ చుట్టి వచ్చి, "కొంగలు తప్ప ఏమీ కనపడలా తాతయ్యా" అన్నావు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. బెజవాడ రోడ్డు మీద నడిచినట్టు నడిచావురా. నీ అడుగుల అదురుకే అన్నీ బొరియల్లోకి, పొదల్లోకి దూరిపోతాయి. పది అడుగులు వెయ్యి, ఆగు. కాలవ మలుపులో తాటిచెట్టుకు ఆనుకుని అరగంట కూర్చో. గాలి నీ మీదుగా పొదవైపు వీచకూడదు, వాసన పడితే ఏదీ బయటికి రాదు.

జంతువు కంటే ముందు దాని ఆనవాలు వెతుకు. మేక పెంటికలు నల్లగా, కోలగా ఉంటాయి. కుందేలువి గుండ్రంగా, గడ్డి రంగులో ఉంటాయి. ఎండినదాన్ని పుల్లతో చిదిపితే లోపలంతా గడ్డి పీచే. రాతి మీద ఈతగింజలతో నిండిన పెంట కనపడిందా, రాత్రి మానుపిల్లి, అదే పండ్లు తినే ఒక రకం పునుగుపిల్లి, వచ్చి వెళ్లినట్టే. పందికొక్కు బొరియ దగ్గర మట్టి తడిగా ఉంటే అది లోపలే ఉంది, మూతికి సాలెగూడు అల్లి ఉంటే ఖాళీ. ఇది మా పొలంలో ఎలకలు పట్టడానికి వచ్చే యానాదులు నాకు చిన్నప్పుడు చెప్పింది. నేలను వాళ్లంత బాగా చదివినవాళ్లను నేను చూడలేదు.

ముంగిస కోసం తెల్లారగట్ట లేవక్కర్లేదు, అది పగలే తిరుగుతుంది. మంచు విడిచి ఎండ పడ్డాక కంచె వెంబడి చూడు. కుందేలు మాత్రం పొద్దుగూకాకే మేతకొస్తుంది. పగలు మినుము చేలో నేలకు అతుక్కుపోయి, చెవులు వీపు మీద పరిచి పడుకుంటుంది. మొన్న నా కాలికి రెండడుగుల దూరంలో ఉన్నా మట్టిగడ్డే అనుకున్నాను. పెద్ద గోధుమరంగు కన్ను, అందులో నా పంచె తెల్లగా మెరిసింది. ఊపిరి బిగబట్టి అలాగే వెనక్కి వచ్చేశాను. నువ్వూ అంతే, దాన్ని లేపి పరిగెత్తించకు.

ఏ జంతువు పిల్ల దొరికినా ముట్టుకోవద్దు, కరిస్తే రేబిస్ భయం. గట్ల మీద రక్తపింజర ఉంటుంది, బూట్లు వేసుకో, చీకటి పడితే టార్చి కాళ్ల ముందే వెయ్యి. ఎవరైనా వల వేద్దామంటే వెళ్లకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలు వేట నేరం. నువ్వు బొమ్మలేస్తావు కదా, ముంగిస వెంట్రుకల బ్రష్షులు కొనకు నాన్నా. వాటి కోసం ముంగిసల్ని చంపుతారు.

మినుము తీసేశాక కుందేలుకు చాటు ఉండదు. ఆలోపే ఒక శనివారం మధ్యాహ్నం బస్సెక్కు. తాటిచెట్టు కింద ఇద్దరం కూర్చుందాం.

మీ తాతయ్య