నా శరీరం నా ఇష్టం అంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మేడమ్, మాది కడప. వయసు 20 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్) వసతిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. గత నెల బస్ స్టాపులో సిగరెట్ కాలుస్తుంటే 1,000 రూపాయలు జరిమానా రాశారు. 21 నిండలేదని టీ కొట్టు ఆయన సిగరెట్ ఇవ్వడం లేదు. గదిలో కాల్చానని పీజీ యజమాని అడ్వాన్సులో 3,000 కోసుకున్నాడు. ఓటు వేసే వయసు వచ్చిన నాకు నా శరీరం మీద హక్కు లేదా? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది కదా, ప్రభుత్వం మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీరు మూడు కోపాలను ఒకే మూటగా కట్టి పంపారు. విప్పి చూస్తే మొదటి రెండింటిలో చట్టం మీ వైపు లేదు. మూడోదానిలో ఉంది. కానీ అది ప్రభుత్వం మీద వేసే కేసు కాదు.

మీరు పంపిన రసీదు ఫోటోను పెద్దది చేసి చూశాను. స్థలం అన్న గడిలో కన్నడంలో బస్ స్టాప్ అని రాసి ఉంది. జరిమానా నిలబడేది ఆ ఒక్క మాట మీదే. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, అందరూ కోట్పా అంటున్నది, బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. అదే చట్టం ఆరుబయలును బహిరంగ ప్రదేశం నిర్వచనం నుంచి తప్పించింది కూడా. తల మీద ఆకాశమే ఉంది కదా అని మీరు వాదించబోతే, 2008 నిబంధనలు ఆ దారి మూసేశాయి. రైల్వే స్టేషన్, స్టేడియం, బస్ స్టాప్ లాంటి జనం వచ్చే చోట్లు ఆరుబయలు లెక్కలోకి రావని అందులో స్పష్టంగా ఉంది. కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 200 దాకానే. రాష్ట్రపతి ఆమోదం పొందిన కర్ణాటక సవరణ 2025లో అమల్లోకి వచ్చాక అది 1,000 అయింది. రసీదు ఇచ్చారు, సెక్షన్ రాశారు. దీని మీద కోర్టుకు వెళ్లమని నేను చెప్పను.

ఇక్కడ మీ శరీరం సంగతి అసలు రాలేదు, పక్కవారి శరీరం సంగతి వచ్చింది. సాయంత్రం మారతహళ్లి వంతెన దగ్గర బస్సు కోసం నిలబడేవారిని నేను తరచూ చూస్తుంటాను. నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకున్న ఒకామె పొగ తగలగానే కొంగు లాగి బిడ్డ ముఖానికి అడ్డం పెట్టింది. కదల్లేదు. దూరం జరిగితే బస్సు ఎక్కలేదు. 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగను నిషేధించినప్పుడు ఆలోచించింది ఇలాంటివారి గురించే. మీరు చెప్పే గోప్యత హక్కుకు ఆధారమైన రాజ్యాంగం 21వ అధికరణ, అంటే జీవించే హక్కు, ఆమెకూ వర్తిస్తుంది.

ఇక వయసు. 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది, నిజమే. కానీ మన చట్టాలు అన్నింటికీ ఒకే వయసు పెట్టలేదు. మగవారి పెళ్లికి 21, లోక్‌సభకు పోటీ చేయడానికి 25. సిగరెట్ అమ్మకానికి కర్ణాటక 21 పెట్టింది. అత్తిబెలె సరిహద్దు దాటి తమిళనాడులోని హోసూరు వెళితే అక్కడ 18 చాలు. ఇది సమంజసమా అని మీరు అడిగితే, పెద్దవాడైన మనిషికి మూడేళ్లు అదనంగా కాపలా కాయడం మీద నాకూ పూర్తి అంగీకారం లేదు. అయినా రిట్ (హక్కుల కోసం ప్రభుత్వం మీద హైకోర్టులో వేసే పిటిషన్) వేస్తే గెలుస్తారని చెప్పలేను. ఎందుకంటే ఈ వయసు నియమం పెట్టిన సెక్షన్ అమ్మేవాడిని ఆపుతుంది, కాల్చేవాడిని కాదు. మీకు అమ్మితే శిక్ష టీ కొట్టు ఆయనకు. విడిగా ఒక సిగరెట్ అమ్మినా ఆయనకే. రోజంతా నిలబడి టీ పోసుకునే మనిషి మీ కోసం ఆ నష్టం ఎందుకు భరించాలి? దయచేసి ఆయనతో గొడవ పడకండి.

గోప్యత తీర్పు మీరు చదివినట్టున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు అది. ఆ పిటిషనర్ మన బెంగళూరు వారే, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆ హక్కు సంపూర్ణం కాదని, ప్రభుత్వం అడ్డుపడాలంటే చట్టం ఉండాలని, సరైన లక్ష్యం ఉండాలని, అవసరానికి మించిన కట్టడి ఉండకూడదని అదే తీర్పు చెప్పింది. ఈ తూకం శరీరం దగ్గర ఎంత గట్టిగా పనిచేస్తుందో చూడండి. 2018లో కామన్ కాజ్ కేసులో, కోలుకునే ఆశ లేని దశలో ప్రాణాధార చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును కోర్టు గుర్తించింది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. అంతటి కోవిడ్ తర్వాత కూడా చెప్పింది. అయితే సమాజ ఆరోగ్యం కోసం, హేతుబద్ధంగా ఉంటే, టీకా వేసుకోనివారి మీద పరిమితులు పెట్టవచ్చని కూడా అంది. సూది మీ చర్మం దాటాలంటే మీ అనుమతి కావాలి. మీ పొగ మాత్రం మీ దగ్గర ఆగదు కదా. మీకు ఈ తేడా తెలిస్తే నా శ్రమ ఫలించినట్టే.

ఈ-సిగరెట్ వైపు మాత్రం పోకండి. 2019 చట్టం దాని తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది. ఒక్కటి సంచిలో ఉంటే అది నిల్వ అవుతుందా అన్న వాదనకు మీరు ఉదాహరణ కావలసిన పని లేదు.

ఇప్పుడు పీజీ. మీరు అద్దె కట్టి ఉంటున్న గది బహిరంగ ప్రదేశం కాదని నా అభిప్రాయం. భోజనాల హాలు, మెట్లు, లిఫ్టు వేరు. అక్కడ పొగ తాగనివ్వకుండా చూడటం, 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా బోర్డు పెట్టడం యజమాని బాధ్యత. గదిలో కాల్చవద్దని షరతు పెట్టే అధికారం కూడా ఆయనకు ఉంది. ఇల్లు ఆయనది, అదే గదిలో ఉండే మరొకరి ఊపిరీ ముఖ్యమే. కానీ మీ గదిలో కాల్చినందుకు జరిమానా వేసే అధికారం ఆయనకు లేదు. ఒప్పందంలో 3,000 అని రాసి ఉన్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. మీ ఒప్పందం నాలుగు పేజీలూ చదివాను. పొగ గురించి ఒక్క వాక్యం లేదు. గోడకు మసి పట్టిందనో పరుపు కాలిందనో ఆయన చూపలేదు.

కాబట్టి ముందు ఒక ఉత్తరం రాయండి. అడ్వాన్సు కట్టిన తేదీ, కోసుకున్న మొత్తం, ఏ షరతు కింద కోశారో చెప్పమని అడుగుతూ, 15 రోజుల గడువు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో ఆయన పంపిన సందేశాలు చెరిపేయకండి. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట వేసుకోవచ్చు, అంటే బెంగళూరులోనే.