చిప్‌సెట్ మారిస్తే హ్యాంగ్ ఆగుతుందా?

ప్రశ్న: మావారు ఇంటి దగ్గరే నాలుగైదు దుకాణాల జీఎస్టీ లెక్కలు చూస్తారు. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్‌తో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నాం, గ్రాఫిక్స్ కార్డు లేకుండా. హెచ్610 బోర్డు చాలని ఒక దుకాణంలో చెప్పారు. ఇంకో దుకాణంలో ‘అది పెడితే తరచూ హ్యాంగ్ అవుతుంది, బి760 తీసుకోండి’ అంటున్నారు. తేడా నాలుగు వేలు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ పనికి హెచ్610 చాలు. హెచ్610, బి760 అనేవి బోర్డు మీదుండే చిప్‌సెట్ పేర్లు; ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్ అది. హ్యాంగ్ అవుతుందని భయపెట్టి ఖరీదైన బోర్డు అంటగట్టడం నాకు బొత్తిగా గిట్టదు.

ఒకప్పుడు ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ చిప్‌సెట్‌లోనే ఉండేది. చిప్‌సెట్ మారితే వేగమూ మారేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో ఆ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి మార్చేశాయి. చిప్‌సెట్‌కు ఇప్పుడు మిగిలింది యూఎస్‌బీ, సాటా (డిస్కులు తగిలించే పోర్టులు), నెట్‌వర్క్, అదనపు స్లాట్ల బాధ్యత. అందుకే అదే 12400ను ఏ బోర్డులో పెట్టినా మీవారి లెక్కలు ఒకే వేగంతో సాగుతాయి.

తేడాలు లేకపోలేదు. హెచ్610లో ర్యామ్‌కు రెండే స్లాట్లు. ర్యామ్ వేగాన్ని పరిమితికి మించి పెంచడం కుదరదు. కానీ 12400కు ఇంటెల్ చెప్పిన డీడీఆర్4 రకం ర్యామ్ వేగ పరిమితే 3200 కాబట్టి మీకు పోయేదేమీ లేదు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (బోర్డు మీదే గుచ్చే వేగవంతమైన డిస్కు) హెచ్610లో మూడో తరం పీసీఐఈ (బోర్డులో డేటా నడిచే దారి) వేగంతో, అంటే సెకనుకు సుమారు 3,500 ఎంబీ దాకా చదువుతుంది. బి760లో నాలుగో తరం డిస్కు పెడితే దాదాపు రెట్టింపు. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు కాపీ చేసేవారికి అది తెలుస్తుంది. బాబు వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకుంటే బి760 గురించి ఆలోచించండి.

చిప్‌సెట్ వల్లే కంప్యూటర్లకు ముప్పు వచ్చిన సందర్భమూ ఉంది. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్లలో లోపముందని ప్రకటించింది. ఒక ట్రాన్సిస్టర్‌కు అది భరించగలిగినదానికన్నా ఎక్కువ వోల్టేజి అందుతుండటంతో, నాలుగు సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడే ప్రమాదం ఏర్పడింది. మొదటి రెండు పోర్టులకు ఆ బెడద లేదు. మరమ్మతులకూ మార్పిడికీ 70 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని కంపెనీయే అంచనా వేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ లోపం ఆ సిరీస్‌లోని హెచ్67లోనూ ఉంది, అంతకన్నా ఖరీదైన పీ67లోనూ ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినవారికి రక్షణేమీ దొరకలేదు.

ఇళ్లలో హ్యాంగయ్యే కంప్యూటర్లను తెరిచి చూస్తే నాకు ఎక్కువగా కనబడేవి నాసిరకం ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), సరిగా కూర్చోని ర్యామ్, దుమ్ముతో నిండిన ఫ్యాను, అరిగిపోయిన హార్డ్ డిస్కు. చవక బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం బలహీనంగా ఉంటుందన్నది నిజమే. 180 వాట్ల దాకా లాగే ఐ7-12700ను అలాంటి బోర్డులో పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది. 12400 గరిష్ఠంగా లాగేది 117 వాట్లు. అయినా ఆ భాగం మీద హీట్‌సింక్ ఉన్న హెచ్610 బోర్డే అడగండి, కొద్దిగా ఎక్కువైనా పరవాలేదు.

మిగిలిన డబ్బు మంచి ఎస్ఎంపీఎస్ మీద, యూపీఎస్ మీద పెట్టండి. రిటర్నులు దాఖలు చేసే ఇంట్లో యూపీఎస్ తప్పనిసరి. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు పెట్టించండి. మీ గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది, అది ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ర్యామ్‌కున్న రెండు ఛానళ్లూ (డేటా దారులూ) నడిస్తే దానికి మేలు.

డబ్బు కట్టేముందు బిల్లులో 12400 అనే ఉందా, 12400ఎఫ్ అని ఉందా చూసుకోండి. ఎఫ్ రకంలో గ్రాఫిక్స్ పనిచేయదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు.